తడి ఇసుకకు ఏ మిషను?

మెటల్ డిటెక్టర్ కొనుక్కోవాలన్న పిచ్చి నాకు పట్టి అప్పటికి ఏడాదిన్నర. తెనాలిలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేస్తాను. ఒకరోజు పాడైన ఆసిలేటర్ ఒకటి బాగుచేస్తూ దాని తీగచుట్ట దగ్గరకు బీరువా తాళంచెవి తీసుకెళ్తే స్పీకరులో కూత మారిపోయింది. చిన్నపిల్లలా పదిసార్లు అలాగే చేసి చూశాను. ఆ సాయంత్రమే ఫోనులో మిషన్లు వెతకడం మొదలుపెట్టాను. వరద తీశాక కొల్లిపర వైపు ఏటి ఇసుకలో ఏవేవో బయటపడుతుంటాయి: ఎద్దుల నాడాలు, పడవ మేకులు, తెగిపడ్డ గంటలు. నిధుల మీద ఆశేమీ లేదు నాకు. నేల లోపల ఉన్నది తవ్వకుండానే తెలియడం, అదే సరదా.

సరదాకి డబ్బు పెట్టే ఇల్లు కాదు మాది. నెల నెలా కొంచెం పక్కన పెట్టుకుంటూ, ఈలోగా ఒక నోటుబుక్కులో మిషన్ల గురించి రాసుకుంటూ గడిపాను. చివరికి మూడు మిగిలాయి. మొదటిది చాలా చవక, చూడ్డానికి బొమ్మలా ఉంటుంది, తెనాలిలోనే ఒక సీసీ కెమెరాల షాపులో దొరుకుతుంది. రెండోది, నేలను బట్టి సరిచేసుకునే మీట ఉన్నది, కొత్తది కొనలేను కానీ పాతది దొరికితే కొనగలను. మూడోది ఒకేసారి నాలుగైదు ఫ్రీక్వెన్సీలు పంపుతుంది, నీళ్లలో ముంచినా పనిచేస్తుంది, ఆన్‌లైనులో తెప్పించుకోవాలి. దాని ధర చూసినప్పుడల్లా ఫోను పక్కన పడేసేదాన్ని.

"కొల్లిపర ఇసుకలో నాడాలు ఏరడానికి అంత మిషనెందుకే?" అని మా ఆయన నవ్వేవారు. ఆయన రేపల్లెలో ఒక ఆఫీసులో గుమాస్తా. రోజూ పొద్దున్నే రైల్లో వెళ్లి సాయంత్రం వస్తారు.

మాకు ఒక్కతే పాప. పుట్టుకతోనే వినపడదు. రెండున్నరేళ్లప్పుడు ప్రభుత్వ పథకంలో ఆపరేషన్ చేసి తల లోపల ఒక పరికరం పెట్టారు. బయటి భాగం పాత రూపాయి బిళ్లంత ఉంటుంది, అయస్కాంతంతో తలకు అతుక్కుని ఉంటుంది. మేం దాన్ని బొత్తాం అంటాం. బొత్తాం ఉంటే పాపకు ప్రపంచం ఉంది. తీసేస్తే ఏమీ లేదు. అది పోతే మళ్లీ ఇవ్వరని ఆపరేషన్ రోజునే చెప్పారు. కొనాలంటే మా ఇద్దరి జీతాలు రెండేళ్లు తినకుండా దాచాలి.

పాపకు ఏడేళ్లు వచ్చిన సంవత్సరం, ఒక సెలవు గురువారం, మా చర్చి వాళ్లందరం కలిసి బాపట్ల దగ్గర సూర్యలంక బీచికి వెళ్లాం. పాప సముద్రం చూడటం అదే మొదలు. సరుగుడు తోటలో దుప్పట్లు పరిచి, పులిహోర తిని, ఎండగా ఉందని దాని తలకు గుడ్డ టోపీ పెట్టి నీళ్ల దగ్గరకు తీసుకెళ్లాం. వాళ్ల నాన్న రెండు చేతులూ పట్టుకుని అలల్లో ఎగరేశారు. సాయంత్రం నాలుగింటికి బట్టలు మారుద్దామని టోపీ తీశాను. బొత్తాం లేదు.

ఆ తర్వాత నేను అరిచిన మాటలు ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. అందరి ముందూ మా ఆయన్ని పట్టుకుని, "నీళ్లలో ఎగరేయమని ఎవరు చెప్పారండీ మీకు? పిల్ల చెవులు తీసుకెళ్లి సముద్రంలో పోశారు!" అన్నాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని తడి ఇసుకను దోసిళ్లతో తోడటం మొదలుపెట్టారు. చర్చి వాళ్లంతా వరసగా నిలబడి కాళ్లతో తడిమారు. పాస్టరు గారు అక్కడే ప్రార్థన చేశారు. పాప మా మొహాలు మార్చి మార్చి చూస్తూ నిలబడింది. చీకటి పడేదాకా వెతికి తిరిగొచ్చాం.

శుక్రవారం పొద్దున్న సీసీ కెమెరాల షాపు తెరవకముందే వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. చవక మిషను తడి ఇసుక మీద పనికిరాదని నాకు తెలుసు. నా నోటుబుక్కులో నా చేత్తోనే రాసుకున్నాను. ఉప్పునీరు కరెంటును పోనిస్తుంది, కాబట్టి అలాంటి మిషనుకు తడి ఇసుకంతా ఒకటే పెద్ద రేకులా కనపడుతుంది. అయినా కొన్నాను. మూడోది ఆన్‌లైనులో పెడితే రావడానికి అయిదు రోజులు అని చూపించింది. అయిదు రోజుల్లో ఎన్నిసార్లు అల వచ్చి పోతుంది? ఆ క్షణాన చేతిలో ఏదో ఒకటి లేకపోతే పిచ్చెక్కేలా ఉంది నాకు.

బాపట్లలో దిగి ఆటోలో సూర్యలంక వెళ్లి తడి ఇసుక మీద మిషను ఆన్ చేశాను. అది మొదలుపెట్టిన కూత ఆపలేదు. ఎటు తిప్పినా ఒకటే కూత. సెన్సిటివిటీ తగ్గిస్తే కూత ఆగింది కానీ, నా పుస్తెల గొలుసు తీసి ఇసుకలో బెత్తెడు లోతున పెట్టి చూస్తే దాన్నీ పట్టుకోలేదు. మళ్లీ పెంచాను, మళ్లీ కూత. మధ్యాహ్నం దాకా ఆ ఎండలో అలా తిరిగాను. బీచికి వచ్చినవాళ్లు ఫోన్లు తీసి వీడియోలు తీశారు. ఒకావిడ దగ్గరకొచ్చి, "ఏంటమ్మా, బంగారమా?" అంది. అవునన్నాను. నిజం చెబితే ఏడుస్తానని భయం.

ఇంటికొచ్చేసరికి పాప గచ్చు మీద ఒక్కతే కూర్చుని ఉంది. వాళ్ల నాన్న సెలవు పెట్టి కూడా దానితో ఏమీ మాట్లాడకుండా మంచం మీద పడుకున్నారు. ఏం మాట్లాడతారు? దానికి వినపడదు. సైగలు మేం నేర్చుకోలేదు, బొత్తాం ఉంది కదా అని. అన్నం పెట్టి నోటి వైపు చూపించాను. తింది. అయిదేళ్లుగా ఒక్కొక్క మాటే నేర్పిన పిల్లకు పశువుకు పెట్టినట్టు పెట్టానని నాకు అప్పుడే అనిపించింది. అనిపించినా ఏం చేయాలో తోచలేదు.

ఆ సాయంత్రం మూడో మిషను కొందామని కూర్చున్నాను. దాచింది చాలదు. చెవి దుద్దులు తాకట్టు పెట్టినా చాలదు. అప్పుడు మా ఆయన, బీచి నుంచి వచ్చాక మొదటిసారి, నోరు విప్పారు.

"రేపల్లెలో మా ఆఫీసు వెనక రేకులపని చేసే పెద్దాయన దగ్గర అలాంటి మిషనొకటి ఉంది. చూశాను నేను. అడుగుదామా?"

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెబితే కొంటావని" అన్నారు.

శనివారం పొద్దున్న పాపను కూడా తీసుకుని రేపల్లె రైలెక్కాం. ఆ పెద్దాయన షెడ్డు కాలవ పక్కనే ఉంది. డెబ్భై ఏళ్ల మనిషి, తెల్ల టోపీ, రేకును సుత్తితో కొట్టి కొట్టి చెవులు పోయిన మనిషి. మా ఆయన గట్టిగా అరిచి చెబితే గానీ వినపడలేదు. మిషను మూల గోనెసంచిలో ఉంది. నేను వెతుకుతున్న రెండో రకమే. వలలకు కట్టే సీసం గుండ్లు తెగి బీచిలో పడిపోతుంటాయట. పని లేని రోజుల్లో వాటిని ఏరి మళ్లీ వలలు అల్లేవాళ్లకే అమ్ముతారట.

"బాబాయ్ గారూ, ఎంతకిస్తారండీ?" అని గట్టిగా అడిగాను.

"ఎక్కడ వెతకాలమ్మా?"

"సూర్యలంకలో. తడి ఇసుకలో."

ఆయన తల అడ్డంగా ఊపారు. "అబద్ధం చెప్పి అమ్మనమ్మా. తడి ఇసుకలో ఇదీ ఏడుస్తుంది. ఆ మీట తిప్పితే కాస్త తగ్గుద్ది, అంతే. దానికి తోడు అక్కడ నల్ల ఇసుకొకటి. నేను పొడి ఇసుకలోనే తిప్పుతా."

నేను ఆ గడప మీదే కూలబడ్డాను. మూడు మిషన్లూ అయిపోయాయి. ఒకటి కూస్తుంది, ఒకటి ఏడుస్తుంది, ఒకటి నాకు అందదు. చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మా ఆయన గోడ వైపు తిరిగారు.

ఆ పెద్దాయన మమ్మల్ని వదిలేసి పాప దగ్గరకు వెళ్లారు. దాని చెవి మీద వేలు పెట్టి, తర్వాత తన చెవి మీద పెట్టుకుని, రెండు చేతులూ లేవన్నట్టు తిప్పారు. పాప నవ్వింది. రెండు రోజుల తర్వాత నవ్వింది. ఆయన ఒక కొత్త రేకు నేల మీద పరిచి సుద్దముక్కతో బొమ్మ వేశారు. ఒక పక్క అలలు. ఇంకో పక్క చెట్లు. మధ్యలో ఒక పిల్ల, తల పక్కన గుండ్రటి చుక్క. పాప దాన్ని గుర్తుపట్టి తన తల తడుముకుంది. ఆయన ఆ చుక్కను వేలితో చెరిపేసి, అలల దగ్గర వేలు పెట్టి, ఇక్కడా అన్నట్టు కనుబొమలెత్తారు. తర్వాత చెట్ల దగ్గర పెట్టారు. ఇక్కడా?

పాప సుద్దముక్క లాక్కుంది. చెట్ల కింద ఒక దుప్పటి గీసింది. దుప్పటి మీద పిల్లను గీసింది. పిల్ల తల మీద టోపీ గీసింది. టోపీ పట్టుకున్న రెండు చేతులు గీసింది. ఆ చేతులకు గాజులు పెట్టింది.

అవి నా చేతులు.

"అమ్మ టోపీ పెట్టింది. సౌండ్ పోయింది" అంది పాప. తన గొంతు తనకు వినపడక గట్టిగా, ఒకే తీరుగా అంది. "బ్యాటరీ అయిపోయిందనుకున్నా." ఆ తర్వాత అలల మీద వేలు పెట్టి, "సముద్రానికి సౌండ్ లేదు" అంది.

బొత్తాం ఎక్కడ పోయిందో ఖచ్చితంగా తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే. రెండు రోజులు మా పక్కనే కూర్చుంది. వినపడదు కదా అని మేమే అడగలేదు.

పెద్దాయనకు పాప మాట వినపడలేదు కానీ బొమ్మ అర్థమైంది. మిషను సంచిలో పెట్టి భుజాన వేసుకున్నారు. "పొడి ఇసుకైతే పదండి" అన్నారు.

చెరుకుపల్లి మీదుగా బాపట్ల బస్సులో వెళ్లాం. సరుగుడు తోటలో మేం కూర్చున్న చోటు పాప చూపించింది. ఒకటే పొరపాటు పడింది, ఆ చెట్టు కాదు, ఈ చెట్టు అని. ఈ రెండు రోజుల్లో అక్కడ ఇంకెందరో వండుకు తిన్నారు. మిషను కూసిన చోటల్లా నేను చేత్తో తోడాను. సీసా మూతలు. గుట్కా రేకులు. మేకులు. పిన్నీసు. మూత, మూత, మళ్లీ మూత. ప్రతి కూతకీ గుండె ఎగసి, ప్రతి మూతకీ జారిపోయేది. గంట దాటింది. గోళ్ల సందుల్లో రక్తం వచ్చింది. పక్కన బండి టైర్ల జాడలు కనిపిస్తే వాటి వెంబడి కూడా తోడాను.

"ఆగమ్మా" అన్నారు పెద్దాయన. మిషను చక్రాన్ని ఒకే చోట అటూ ఇటూ ఆడించారు. "ఇది మూత కూత కాదు."

సరుగుడు ఆకులు తీసి నాలుగు వేళ్లు దించాను. ఏదో గరుకు ముద్ద తగిలింది. గొంగళిపురుగు వెంట్రుకల్లా నల్ల ఇసుక దాని నిండా అంటుకుని ఉంది. ఆ ఇసుకలో ఇనుముంది, అయస్కాంతానికి పట్టేసింది. చీర కొంగుతో తుడిచాను. బొత్తామే. పైన పెంకు పగిలింది. బ్యాటరీ గదిలో ఎర్ర చీమలు. దాని కోసం నా చేతిసంచిలో ఎప్పుడూ ఉంచే కొత్త బ్యాటరీ వేశాను. పచ్చ లైటు వెలగలేదు.

నేను పెట్టిన కేక విని చుట్టుపక్కల వాళ్లు పరుగెత్తుకొచ్చారు. పాప మాత్రం బొత్తాం లాక్కుని, పనిచేయనిదాన్నే తల మీద పెట్టుకుంది. అది అతుక్కుంది. అంతవరకే.

బస్టాండులో పెద్దాయన మా దగ్గర బస్సు చార్జీ మాత్రం తీసుకున్నారు. అక్కడ దొరికిన మూడు సీసం గుండ్లు జేబులో వేసుకున్నారు. ఇంకేమీ వద్దన్నారు.

తిరుగు రైల్లో మా ఆయనతో, "టోపీ నేనే పెట్టానండీ" అన్నాను.

"చూశాగా, గాజులు కూడా వేసింది" అన్నారు. "పడుకో" అని తన భుజం ఇటు జరిపారు. ఆయన్ని అందరి ముందూ అన్న మాటలకు నేను క్షమించమని అడిగింది మాత్రం ఇంకో వారానికి.

బాగవుతుందో లేదో చెప్పలేమని ఆ పరికరాలు రిపేరు చేసే సెంటరులో అన్నారు. తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ మా ఇంట్లో అందరం సుద్దముక్కలతోనే మాట్లాడుకున్నాం. రాత్రులు నిద్రలో పాప నోరు మెదిపేది, మాటలు జారిపోతున్నాయేమోనని నేను చెవి పెట్టి వినేదాన్ని. మిషను కోసం దాచిందంతా పెంకుకీ లోపలి బోర్డుకీ పోయింది. చవక మిషను షాపువాడు వెనక్కి తీసుకోలేదు.

పదో రోజు సెంటరులో టేబుల్ అవతల కూర్చున్న అమ్మాయి బొత్తాన్ని పాప తలకు అతికించి కంప్యూటరు వైపు చూసింది. పచ్చ లైటు వెలిగింది. పాప కళ్లు ఒక్కసారి పెద్దవయ్యాయి. నేను ముందుకు వంగి, "అమ్మలూ, వినపడుతోందా?" అన్నాను.

అది చేతులతో తల పట్టుకుని మొహం చిట్లించింది.

"అరవకమ్మా" అంది.