పక్కింటి స్నానాలగది

ప్రభుత్వ ఆఫీసులు కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలినప్పుడు మావారితోపాటు నేనూ, మా అత్తగారూ వచ్చి నాంపల్లి స్టేషను వెనక సందులో ఒక వాటాలో దిగాం. గోడ అవతలి వాటాలో నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన దంపతులుండేవారు. ఆయన గౌలిగూడలో బస్సులు బాగుచేసేవాడు. ఆమె నాకంటే రెండు మూడేళ్లు పెద్ద.

మొదటి వానాకాలంలోనే మా స్నానాలగదిలో ఈగలు పట్టాయి. మామూలు ఈగలు కావు. నువ్వుగింజంత ఉండి, చిమ్మట పిల్లల్లా గోడకు అంటుకునేవి. చేత్తో కొడితే బూడిద మరక మిగిలేది. సలసల కాగే నీళ్లు మోరీలో, వాడిన నీళ్లు పోయే తూములో కుమ్మరించాను. సాంబ్రాణి పొగ వేశాను. ఆబిడ్స్ దాకా నడిచి వెళ్లి ఖరీదైన ఫినాయిల్ తెచ్చి పోశాను. రెండు రోజులు కనబడేవి కావు. మూడో రోజు గోడంతా అవే.

పక్క వాటాలో మాత్రం ఒక్క ఈగ లేదు. ఆ సంగతి నాకు చెప్పింది మా అత్తగారే. ఎవరింట్లోనూ మంచినీళ్లు కూడా ముట్టని మనిషి, ఒకరోజు చీరా తుండూ పట్టుకుని పక్కింటికి స్నానానికి వెళ్లారు. తిరిగొచ్చి, ఆ అమ్మాయి తన వీపు ఎంత బాగా రుద్దిందో మావారికి చెప్పారు. నాలుగేళ్ల కాపురంలో ఆవిడ ఏనాడూ నాచేత వీపు రుద్దించుకోలేదు.

ఇక రోజూ అక్కడికే. నేను వంటింట్లో కూర తరుగుతుంటే గోడ అవతల నుంచి ఇద్దరి నవ్వులూ వినిపించేవి. మా ఇంట్లో ఆవిడ అలా నవ్వగా నేను వినలేదు. కడుపు మండిపోయేది.

ఐదోరోజు అబద్ధమాడాను. రోజూ ముసలమ్మకు నీళ్లు తోడటం తనవల్ల కాదని పంపు దగ్గర పక్కింటామె అంటోందని అత్తగారికి చెప్పాను. ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని, మర్నాడు మా స్నానాలగదిలోనే ఈగలు తోలుకుంటూ నీళ్లు పోసుకున్నారు. నాకు సంతోషమే అయింది.

రెండు రోజులు చూసి ఆమె మా గుమ్మంలోకి వచ్చింది.

"పెద్దమ్మ వస్తలేదేంది? పానం బాగలేదా?"

అత్తగారు మంచం మీద నుంచే అన్నారు. "నీకు శ్రమగా ఉందన్నావటగా అమ్మా."

నేను వంటింటి గడపలో ఉన్నాను. ఆమె ఒక్కసారి నావైపు చూసింది.

"ఔ పెద్దమ్మా. నడుం నొస్తుండె, గట్ల నోరుజారిన. మనసుల పెట్టుకోకు."

అని నేరుగా మా స్నానాలగదిలోకి నడిచింది. మోరీ మీది ఇనుప జాలీ ఎత్తి, మోచేతిదాకా లోపల పెట్టి గుప్పెడు నల్లటి జిగురు బయటికి తీసింది. అందులో దారప్పోగుల్లాంటి పురుగులు కదులుతున్నాయి.

"గీ జిగట్లనే గుడ్లు పెడ్తయి చెల్లె. పైనుంచి ఎన్ని పోసినా గిది పోదు. గోకి తీయాలె."

కర్రకు కొబ్బరిపీచు చుట్టి గొట్టం లోపలి గోడలు ఎలా తోమాలో చూపించింది. వారానికోసారి అలా చేయమంది. నేను చేశాను. మిగిలిన ఈగలు కూడా పది రోజుల్లో లేకుండా పోయాయి.

ఆమె ఆ అబద్ధం మాట మళ్లీ ఎత్తలేదు. నేను క్షమించమనలేదు. నా మాటను అంత తేలిగ్గా తన నెత్తిన వేసుకుందే, ఆ మంచితనం చూసి కూడా అసూయపడ్డాను. నాకైతే అది చేతనయ్యేది కాదని తెలుసు.

మరుసటి ఏడు వాళ్లు గౌలిగూడలోనే ఇల్లు చూసుకుని వెళ్లిపోయారు. అత్తగారు శుక్రవారాలు రిక్షా కట్టించుకుని ఆమెను చూడటానికి వెళ్లేవారు. నన్నూ రమ్మనేవారు. నేను పని ఉందనేదాన్ని.