దిబ్బ అవతలి గంట

దయ్యాల గురించి చెప్పేవాళ్లంటే నాకు మొదట్నుంచీ చిరాకే. అద్దె ఇంట్లో రాత్రిళ్లు ఎవరో నడుస్తున్నారని మా ఆడపడుచు ఒకసారి చెబితే, పైపులో నీళ్ల చప్పుడై ఉంటుందని మొహం మీదే అనేశాను. నాకు జరిగినదానికి కూడా ఎవరైనా అలాంటి జవాబు చెబితే సంతోషిస్తాను. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

మాది కాకినాడ. పెళ్లయి ఢిల్లీ వచ్చాను, ఇప్పుడు గుర్‌గావ్‌లో ఉంటున్నాం. మామయ్యగారు కేంద్ర ప్రభుత్వంలో చేసి రిటైరయ్యారు. ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉన్న రోజుల్లో పై అధికారి ఒకాయన బలవంతం మీద గోల్ఫ్ మొదలుపెట్టారట. ఉద్యోగం వదిలినా అది వదల్లేదు. అత్తయ్యగారు పోయాక ఆదివారం పొద్దున్నే ఆయన ఒక్కరే సంచీ భుజాన వేసుకుని వెళ్తుంటే చూడలేక, నేనూ తోడు వెళ్లడం మొదలుపెట్టాను. ఊరికే కూర్చోవడమెందుకని ఒక కర్ర నా చేతిలో పెట్టారు. అలా నాకూ ఆట వచ్చింది. మా ఆయన శ్రీధర్‌కి మాత్రం గోల్ఫ్ అంటే ఆవలింతలు.

సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల మధ్య ఉండే పాతకాలపు మైదానంలో ఒక్కసారైనా ఆడాలని మామయ్యగారి కోరిక. ఆట అలాంటి చోటే పుట్టిందనీ, మనం ఆడేవన్నీ వాటికి నకళ్లేననీ అనేవారు. ఆఫీసు వాళ్లు నన్ను పనిమీద స్కాట్లాండ్ పంపినప్పుడు ఆయన్నీ వెంట తీసుకెళ్లాను.

పని అయ్యాక తూర్పు తీరాన ఉన్న ఒక చిన్న ఊరికి వెళ్లాం. ఎన్నో తరాలుగా అక్కడ ఆడుతున్నారు. ఎక్కడా చెట్టన్నది లేదు. దిబ్బలు, మోకాలెత్తు ఎండుగడ్డి, పక్కనే బూడిదరంగు సముద్రం. గాలికి మామయ్యగారి టోపీ రెండుసార్లు ఎగిరిపోయింది. ఇలాంటి గాలిలో బంతిని నేలబారుగా కొట్టాలని నాకు పాఠం చెప్పి, తను మాత్రం పైకి లేపి సముద్రంలో పోగొట్టుకుని పగలబడి నవ్వారు. అత్తయ్యగారు పోయాక ఆయన అలా నవ్వడం నేను చూడలేదు.

మధ్యాహ్నం దాటాక గాలి పడిపోయింది. సముద్రం మీంచి పొగమంచు వచ్చింది. మన ఢిల్లీ మంచు ఉన్నచోటే పేరుకుంటుంది. ఇది మనిషి నడిచి వచ్చినట్టు దిబ్బ తర్వాత దిబ్బ దాటుకుంటూ వచ్చింది.

వెనక్కి వెళ్లిపోదామన్నాను. ఈ ఒక్క గుంటా ఆడి వెళదామన్నారు మామయ్యగారు. ఆయన ముఖ్యంగా వచ్చింది దాని కోసమే. ఎదురుగా పెద్ద దిబ్బ ఉంటుంది. బంతి పడాల్సిన గుంట, అందులో గుచ్చిన జెండా దిబ్బ అవతల ఉంటాయి కాబట్టి కనిపించవు. అందుకని అక్కడొక గంట కడతారు. ముందు ఆడినవాళ్లు పక్కకి తప్పుకున్నాక దాన్ని మోగిస్తారు. అది వినిపించాకే ఇవతలివాళ్లు కొట్టాలి.

మా ముందు ఎవరూ ఉన్నట్టు లేదు. అయినా కాసేపు ఆగాం. అప్పుడే శ్రీధర్ వీడియో కాల్ చేశాడు. వెనక మా వంటింట్లో కుక్కర్ కూత వినిపిస్తోంది. తెల్లగోడ చూపిస్తున్నావేంటని అడిగాడు. మంచు అనీ, గంట మోగాక కొట్టాలని ఆగామనీ చెబుతుండగానే గంట మోగింది. ఒకే ఒక్కసారి, చాలా దగ్గరగా.

"మోగింది కదా, నాన్నని కొట్టమను," అన్నాడు శ్రీధర్ ఫోన్లోంచి.

మామయ్యగారు బంతి పెట్టుకున్నారు. నాకెందుకో మనసొప్పలేదు. గంట మోత ఆగాక అలల చప్పుడు కూడా వినిపించడం లేదు. "వద్దు మామయ్యగారూ, అవతల ఎవరో ఉన్నారు," అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయన నావైపు చూసి, సరేనన్నట్టు తలూపి, కొట్టారు.

దిబ్బ అవతల్నుంచి ఆడమనిషి కేక వినిపించింది.

ఇద్దరం పరిగెత్తాం. మైదానంలో పనిచేసే ఆవిడ ఒకరు భుజం పట్టుకుని గడ్డిలో కూర్చుని ఉంది. మంచు వల్ల ఆట ఆపేశారట. అందరినీ రమ్మని సైరన్ కూడా వేశారట. మాకది వినిపించలేదు. మేము రాకపోయేసరికి వెతుక్కుంటూ వచ్చింది. బంతి ఇంకో జానెడు పక్కకి వచ్చి ఉంటే తలకి తగిలేది. మామయ్యగారు ఆవిడ ముందు మోకాళ్ల మీద కూలబడిపోయారు. ఇన్నేళ్లు ఇంగ్లీషులో ఉద్యోగం చేసిన మనిషి, చేతులు జోడించి తెలుగులోనే క్షమించమ్మా, క్షమించమ్మా అంటున్నారు.

గంట మోగితేనే కొట్టామని నేను చెప్పాను. ఆవిడ నన్ను అదోలా చూసి, జెండా పక్కనున్న స్తంభం వైపు చెయ్యి చూపించింది. పైన కొక్కెం ఉంది. గంట లేదు. బీటవారిందని చలికాలంలోనే విప్పి తీసేశారట.

ఆవిడకి ఎముక విరగలేదు. మర్నాడు చూడ్డానికి వెళ్తే టీ ఇచ్చి కూర్చోబెట్టింది, మామయ్యగారి చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పింది. అయినా విమానంలో ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక గోల్ఫ్ సంచీ అటక మీద పెట్టించేశారు.

చాలా రోజులు నేనూ కోపం దిగమింగుకున్నాను. ఒకరోజు ముగ్గురం భోజనాలు చేస్తుంటే ఉండబట్టలేక అడిగేశాను, నేను అంత గట్టిగా వద్దన్నా ఎందుకు కొట్టారని.

ఆయన ముద్ద కంచంలోనే వదిలేశారు. "నువ్వే కదమ్మా కొట్టమన్నావు. ఎవరూ లేరు, కొట్టండి మామయ్యగారూ అన్నావు."

నేను శ్రీధర్ వైపు చూశాను.

"నేనూ అదే విన్నాను," అన్నాడు. "నువ్వు బాధపడతావని ఇన్నాళ్లూ ఆ మాట ఎత్తలేదు."

గంట సంగతి ఎవరైనా ఏదో ఒకటి చెప్పగలరు. ఊళ్లో చర్చి ఉంది, రేవులో పడవలున్నాయి, మంచులో చప్పుడు ఎటు నుంచి ఎటు వస్తుందో తెలియదు. కానీ నా పక్కనే నిలబడ్డ మనిషికి, ఇక్కడ గుర్‌గావ్‌లో ఫోన్ పట్టుకుని కూర్చున్న మనిషికి, నేను అనని మాట నా గొంతులో ఎలా వినిపించింది? నేను వద్దన్నాను. ఈ ముక్క ఇద్దరికీ ఎన్నోసార్లు చెప్పాను. నమ్ముతున్నామనే అంటారు.

కానీ ఇప్పటికీ మామయ్యగారు, నేను పక్కగదిలోంచి ఏదైనా చెబితే, లేచి వచ్చి నా మొహం చూసి, ఏమన్నావమ్మా అని మళ్లీ అడుగుతారు.