ఎద్దుల ఎన్కకు వట్టుండ్రి!

ఆ రోజుల్లో మనిషికి చదువు, ఆస్తి, అందం లేకపోయినా గొంతు ఒకటి ఉంటే బతికిపోవచ్చని నాకు గట్టి నమ్మకం. (మొదటి మూడూ నాకు లేకపోవడం వల్ల ఏర్పడిన నమ్మకమే అనుకోండి.) బోధన్ షక్కర్ ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరుకు బండ్లను లైన్లో పెట్టడం నా ఉద్యోగం. ఒక బండి ముందుకు దూరితే పది దూరుతాయి, ఎద్దులు బెదురుతాయి. అప్పుడు నేను దిమ్మె ఎక్కి "ఎద్దుల ఎన్కకు వట్టుండ్రి! ఒక్కటే లైను!" అని అరిస్తే మనుషుల కంటే ముందు ఎద్దులే వెనక్కి జరిగేవి. అందుకే అందరూ నన్ను భోంగా అనేవారు. షిఫ్టు మారేటప్పుడు కూసే సైరన్‌కు అక్కడ అదే పేరు. మా అవ్వకు మాత్రం ఈ కీర్తి నచ్చేది కాదు. "గా గొంతుకు పిల్లనెవలిస్తరు బిడ్డా, జర మెల్లగ మాట్లాడు" అనేది. (ఇచ్చారు. మా ఆవిడ మెల్లగానే మాట్లాడుతుంది. ఇంట్లో చెల్లేది ఆమె మాటే.)

ఒకసారి మిషన్లు కడగడానికి చెరుకు ఆడటం ఆపేశారు. గేటుకు సెలవు. నా దోస్తులు, పంపుల దగ్గర పనిచేసే పొడుగు లంబు, చెరుకు తూచే కాంటా గుమాస్తా, సోకులరాయుడు షోకిల్లా హైదరాబాద్ పోయి కొత్త సినిమా చూడాలని బయలుదేరారు. అది మా ఊరికి రావాలంటే ఏడాది పడుతుంది. చూసొచ్చినవాడు ఆ ఏడాదంతా క్యాంటీన్లో కథ చెప్పి రాజ్యమేలొచ్చు. నేనూ వస్తానన్నాను.

"తోల్కపోతం గని ఒక్క షరతు," అన్నాడు షోకిల్లా. "పట్నంల నువ్వు నోరు తెరువొద్దు. తెరిస్తివా, మా ఇజ్జత్ పోతది. మల్ల నిన్ను ఎటూ తోల్కపోం."

ఒట్టేశాను. పొద్దున్నే పట్నంలో రైలు దిగి ఇరానీ హోటల్లో కూర్చుంటే, చాయ్ కోసం కూడా సైగలే చేశాను. సర్వరు "బేచారా గూంగా" అని, నన్ను మూగవాడనుకుని జాలిపడి నాకొక్కడికే బిస్కట్టు ఊరికే పెట్టాడు. లంబు దానివైపే చూస్తూ "నేను గూడ మాట్లాడకపోతుంటి" అని గొణిగాడు.

టాకీసు దగ్గర మాత్రం మా పప్పులు ఉడకలేదు. కిటికీ ముందు జనం ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతున్నారు. టికెట్లిచ్చేవాడు భయపడి కిటికీ మూసేశాడు. లంబును రెండుసార్లు లోపలికి తోస్తే రెండుసార్లూ బయటికే వచ్చాడు. షోకిల్లా ఇస్త్రీ టెరిలిన్ చొక్కాకు జేబు చిరిగింది. సాయంత్రం రైలుకు పోకపోతే తెల్లారి గేటు దగ్గర బండ్లను నిలిపేవాడు లేడు. "పోదాం పాండ్రి," అన్నాడు షోకిల్లా, ఏడుపు గొంతుతో. నాకూ ఏడుపొచ్చింది. అరిస్తే దోస్తీ పోతుంది, అరవకపోతే సినిమా పోతుంది. అంతలో ఒకడు ముసలాయన్ని మోచేత్తో పొడిచి ముందుకు దూరాడు. అది చూసి ఇక ఆగలేకపోయాను. ప్రహరీ గోడ ఎక్కాను.

"ఎద్దుల ఎన్కకు వట్టుండ్రి! ఒక్కటే లైను! ఏయ్ ఎర్ర బుషర్టూ, నీ బండి పక్కకు తియ్యి!"

పట్నం మొత్తం నిశ్శబ్దమైపోయిందనిపించింది. ఎర్ర బుషర్టు పక్కకు జరిగాడు. మిగతావాళ్లు నెమ్మదిగా ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. కిటికీ తెరుచుకుంది. అందరినీ నిలబెట్టి చూసుకుంటే మేం ముగ్గురం చిట్టచివర ఉన్నాం.

కోటు వేసుకున్న మేనేజరు బయటికొచ్చి "కౌన్ చిల్లాయా?" అని, అరిచిందెవరో చెప్పమని గద్దించాడు. షోకిల్లా మెల్లగా నాలుగడుగులు జరిగి, నేనెవరో తెలియనట్టు వాల్‌పోస్టరు చదవసాగాడు. నేను చెయ్యెత్తాను. మేనేజరు ఆ చెయ్యి పట్టుకుని ఊపాడు. "శభాష్ బేటా! ఈడ నౌకరీ చేస్తవా?"

"మావోడే సాబ్!" పోస్టరు దగ్గర్నుంచి ఒక్క గంతులో వచ్చాడు షోకిల్లా. "చిన్నప్పటి సంది దోస్తులం!"

ఆయన మమ్మల్ని బాల్కనీలో మెత్తని సీట్లలో కూర్చోబెట్టాడు. రాజులా చూశాను సినిమా. తిరుగు రైల్లో ప్రతి స్టేషన్లో చాయ్‌వాలాను పిలిచే పని నాకే ఇచ్చి, నా దోస్తులు గర్వంగా చుట్టూ చూసేవారు. డిచ్‌పల్లి వచ్చేసరికి గొంతు పోయింది. తెల్లారి గేటు దగ్గర నాకు చెరో పక్క నిలబడి వాళ్లే అరిచారు. ఎద్దులు ఒక్కటీ కదల్లేదు.

ఇన్నేళ్లకు, ఈ ముసలితనంలో, మొన్న నిజామాబాద్ బస్టాండులో జనం ఎగబడుతుంటే పాత ఉత్సాహం పొంగి నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. సిగ్గుపడి వెనక్కి తిరిగి చూస్తే, నేను తోసుకోకుండా నిలబడటం చూసి ఒక పెద్దమనిషి బుద్ధిగా నా వెనక నిలబడి ఉన్నాడు. లైను కట్టడానికి రెండు బండ్లు చాలు. నవ్వుకుంటూ నా బండి కొంచెం సరిచేసుకుని నిలబడ్డాను.