ఫైరింజన్ మామగారి సైకస్ మొక్క

కోడలికి తెలిసినంతలో మామగారికి ఉన్న పిచ్చి ఒక్కటే: గేటు పక్కనున్న, పొట్టి ఈతచెట్టులాంటి ఆయన సైకస్ మొక్కకు ఎవరూ చుక్క నీళ్లు పోయకూడదు. ముప్పై ఏళ్లు ఫైరింజన్ ఎక్కి ఊళ్లో మంటలన్నిటి మీదా నీళ్లు కుమ్మరించిన మనిషి, రిటైరయ్యాక నీళ్లకు పగవాడైపోయారు. నాటిన మొదటి ఏడాది మాత్రం తానే కొలిచి పోశారు. వేరు నిలదొక్కుకుందని నమ్మకం కుదిరాక, కుర్చీ వేసుకుని కాపలాకు దిగారు.

పాలు పోసేవాడు చెంబు కడిగి ఆ మూల పారబోయబోతే కుర్చీలోంచి కేక.

"ఆగు! దాన్ని చంపుతావా?"

"గుక్కెడు నీళ్లే కద సార్. ఎండకు మాడిపోతోంది పాపం."

"మన కొండల్లో బండల సందున పుట్టిన జాతిరా అది. అక్కడ దానికి బిందెలు మోసింది మీ తాతా?"

వానొస్తే ఆయన ఆకాశం వైపు కూడా గుర్రుగా చూస్తారని వీధిలో చెప్పుకునేవారు.

కోడలికి మాత్రం ఆ మొక్కను చూస్తే దడ. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె పెంచిన గులాబీ, మల్లె, చివరికి మనీప్లాంటు కూడా చచ్చిపోయాయి. ప్రేమ కొద్దీ పూటపూటా నీళ్లు పోసేది, వేళ్లు కుళ్లిపోయేవి. "నీ చెయ్యి మొక్కలకు అచ్చిరాదమ్మా" అంది పక్కింటావిడ. అంతే, ఆమె మొక్కల జోలికి పోవడమే మానేసింది.

అలాంటిది, ఆ వేసవి మొదట్లో మోకాలి ఆపరేషన్‌కని కూతురింటికి బయల్దేరుతూ మామగారు గేటు దగ్గర ఆగారు.

"అమ్మాయ్, ఇక ఈ మొక్క నీది."

"అమ్మో, నా చేతిలోనా! ఏం చెయ్యాలి మామయ్యా?"

"ఏమీ చెయ్యకు. ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తే లోపలికెళ్లి టీ తాగు."

మూడు నెలల్లో ఆమె ఎన్ని టీలు తాగిందో దేవుడికే తెలియాలి. మగ్గు పట్టుకుని గడప దాకా వచ్చి వెనక్కి పోయిన రోజులెన్నో. తొలకరి పడ్డ వారానికి మొక్క నడినెత్తిన లేతాకులు చుట్టలు విప్పుకుంటూ ఒక్కసారిగా లేచాయి. పద్దెనిమిది! ఆమె రెండుసార్లు లెక్కపెట్టి, సంతోషం పట్టలేక కళ్లు తుడుచుకుంది.

మామగారు చేతికర్రతో తిరిగొచ్చి, వీధంతా వినపడేలా అన్నారు. "చూశారా, మా కోడలు పెంచింది!"

"నేనేం చేశాను మామయ్యా? నీళ్లు కూడా పోయలేదు."

"ఆ పనే ఎవరికీ చేతకాదమ్మా."

ఆ ధైర్యంతో మర్నాడు ఆమె నర్సరీకి వెళ్లింది. ఇల్లెక్కడో చెప్పగానే నర్సరీ యజమాని నవ్వాడు.

"ఆ కోడలుగారు మీరేనా? రెండేళ్ల కిందట మీ మామగారు నా తల తినేశారు. 'పువ్వొద్దు, కాయొద్దు, చావమన్నా చావని మొక్క ఇవ్వు. మా కోడలి చెయ్యి మంచిదేనని ఆ పిల్లకు తెలియాలి' అన్నారు."

కోడలికి నవ్వాగలేదు. ఇన్నాళ్లూ మామయ్య ఎండలో కూర్చుని పాలవాడితో తగువులాడింది తన కోసమన్నమాట!

"నాకో మొక్క ఇవ్వండి" అంది.

"అలాంటిదేనా?"

"కాదు. ఈసారి కాస్త పేచీ పెట్టేది చూడండి."