ఊదని క్లారినెట్

మా ఇంగ్లీషు మేడమ్ పోయారని మొన్న పొద్దున ఆవిడ పక్కింటాయన ఫోన్ చేశాడు. కాకినాడ నుంచి వచ్చి శంషాబాద్‌లో స్థిరపడిన ఆవిడ, క్యాబ్ డ్రైవర్లకూ హోటల్ పనివాళ్లకూ ఇంట్లోనే ఇంగ్లీషు నేర్పేవారు. పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఊదే నాకూ నేర్పారు.

ఎయిర్‌పోర్టు దగ్గరి హోటల్లో, వచ్చే అతిథుల ముందు వాయించే పని కోసం ఆవిడ దగ్గర చేరాను. మొదటిరోజు "ఐ బ్లో క్లారినెట్" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"ఊదేదైనా, కొట్టేదైనా, మీటేదైనా వాళ్లకి ప్లే ఒక్కటే నాయనా. గొంతుతో అయితే సింగ్. నలుగురు వినడానికి కూర్చుంటే పర్ఫామ్."

"మా బరాత్‌ల ఎవ్వరు వింటరు మేడమ్? అందరు ఎగురుడే."

"ఒక్కరు విన్నా చాలయ్యా" అంటూ టీ గ్లాసు నా ముందుకు జరిపారు.

ఉద్యోగం వచ్చింది. ఏం ఉద్యోగం, నా తలకాయ! "పాట స్పీకర్ల వస్తది. నువ్వు జర పట్టుకొని నిలబడు, చాలు" అన్నాడు మేనేజర్. తలపాగా చుట్టుకుని, క్లారినెట్ పెదాలకు ఆనించి, ఉత్తుత్తిగా వేళ్లు ఆడించడమే నా పని. ఒకసారి మేడమ్ ఎవరి పెళ్లి విందుకో అక్కడికి వచ్చారు. నా వేళ్లు చూశారు, స్పీకర్ చూశారు.

"దీనికి నేను నీకు మాటేదీ నేర్పలేదే" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. "ఆదివారం ఇంటికి రా. నిజంగా వాయించు, నేను వింటాను."

అప్పటినుంచి ప్రతి ఆదివారం వెళ్లేవాణ్ని. కళ్లు మూసుకుని వినేవారు, చేతిలో టీ చల్లారిపోయేది. ఒకనాడు "నేను పోయిన రోజు కూడా నువ్వే వాయించాలి" అన్నారు.

"గట్ల అనకుండ్రి మేడమ్" అన్నాను.

అందుకే మొన్న క్లారినెట్ పట్టుకునే వెళ్లాను. ఆవిడ తమ్ముడి కొడుకుతో ఆవిడ కోరిక చెప్పాను.

"వాయించడం వద్దండీ, ఫోన్లో భజన పెట్టాం. మీరు అది పట్టుకుని పక్కన నిలబడండి, వీడియోలో బావుంటుంది" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. చావింట్లో గొడవెందుకని క్లారినెట్ పెట్టెలో పెట్టేశాను.

పాడె లేచింది. పాడెకు కట్టిన చిన్న బ్లూటూత్ స్పీకర్లో భజన. నాలుగడుగులు పడ్డాయో లేదో, భజన ఆగి ప్రకటన మొదలైంది. ఎయిర్‌పోర్టు పక్కనే ప్లాట్లట, ఆలస్యం చేస్తే దొరకవట. ఫోన్ ఆ తమ్ముడి కొడుకు చొక్కా జేబులో ఉంది, పాడె అతని భుజం మీద ఉంది. ఇగ ఆపేదెవరు? నేను పెట్టె తెరిచేసరికి, ఒక్కరు విన్నా చాలన్న మనిషి ఆ ప్లాట్ల బేరం వింటూ సందు మలుపు తిరిగిపోయారు.