ఫెకనీ తవ్విన వేరు

మన తెలుగునాట పెంటమ్మ ఎలాగో, నేను పనిచేసే బీహారు చంపారన్‌లో ఫెకనీ అలాగ. ముందు పుట్టిన ముగ్గురూ పోతే, ఈమెను చెత్తకుప్ప మీద పెట్టి ఎత్తుకుని ఆ పేరు పెట్టారు. బతికింది. సర్పగంధి వేరు తవ్వడంలో ఆమెకు సాటి లేరు. గింజ రాలాకే గునపం పట్టేది. ప్రతి గుబురులో ఒక మొక్కను వదిలేసేది. ఆ వేరు పట్నంలో మందుల కంపెనీకి పోయేది.

మొగుడు బిగూ డోలు వాయించేవాడు. నోరు విప్పితే ఎదుటివాడి పరువు తీసేవాడు. ఒకనాడు ముక్కులోంచి రక్తం కారుతుంటే మా దవాఖానాకు తీసుకొచ్చింది. రక్తపోటు అన్నాడు డాక్టరు. బిళ్లలిచ్చింది కాంపౌండరునైన నేను. ఊరుకోవచ్చు కదా? పిన్నిని పిలిచినట్టు ఫెకనీని చాచీ అని పిలిచి మరీ చెప్పాను.

"చాచీ, ఇందులో ఉన్నది నువ్వు తవ్వే వేరే."

"గోనెలకు గోనెలు పంపితే ఇంతే తిరిగొచ్చిందా?" అన్నాడు బిగూ. "మీ కంపెనీవాడు మా మామకంటే పిసినారి బాబూ."

రెండు నెలల్లో పోటు దిగింది. మనిషీ దిగజారిపోయాడు. డోలు అటకెక్కింది. గోడవైపు తిరిగి కూర్చుని ఊరికే ఏడ్చేవాడు. వయసు మీద పడిందిలే అనుకుని మళ్లీ బిళ్లలు పోశాను. చదువుకున్న వెధవను, ఇంకేమైనా తాగిస్తున్నావా అని ఒక్క మాట అడగలేదు.

ఇక్కడ ఆ వేరును పిచ్చిమందు అంటారు. మనసు చెదిరినవాడికీ నిద్రపోని పసిపిల్లకీ అదే అరగదీసి పోస్తారు. ఫెకనీ కూడా బిళ్లతో పాటు వేరు పోసింది. అతను కుంగినకొద్దీ ఇంకా పోసింది.

హోళీకి ముందురోజు బిగూ ఏటికి వెళ్లాడు. మర్నాడు శవాన్ని తెచ్చారు.

కర్మలయ్యాక ఆమె మిగిలిన బిళ్లలు తిరిగిచ్చేందుకు వచ్చింది. వేరు సంగతి అప్పుడు చెప్పింది.

"ఆ రోజు రెట్టింపు అరగదీశాను బాబూ. 'చేదుగా ఉందే' అన్నాడు, అయినా నా మాట కాదనలేక తాగాడు. తక్కువైందంటావా?"

బిగూ పోయాక, ఆమె రాకముందే, దవాఖానాలో బిళ్లల డబ్బాలోని కాగితం మడత విప్పి చదివాను. ఈ మందు మనసును కుంగదీయవచ్చని, అలా అయితే వెంటనే ఆపాలని అందులో ఉంది. ఏడాదిగా అది డబ్బాలోనే పడి ఉంది. నాకు ఏడుపొచ్చింది.

"తక్కువ కాలేదు చాచీ. చెయ్యాల్సిందంతా చేశావు."

ఆమె నమ్మలేదు. ఆ ఏడు గింజ రాలకముందే అడవిలోకి వెళ్లింది. గుబురు గుబురంతా తవ్వేసింది, ఒక్క మొక్కా వదల్లేదు. ఎందుకమ్మా అని అడిగాను.

"ఇంకెవరికీ తక్కువ పడకూడదు కదా బాబూ," అంది.

నేను దవాఖానాకు వచ్చి ఆ కాగితాన్ని మళ్లీ మడిచి డబ్బాలోనే పెట్టేశాను.