వియ్యంకుడి వాన

ఈ ప్రాంతమంతటికీ ఒకటే రుతుపవనం అని బడి పుస్తకంలో రాశారు. రాసినవాళ్లు జనగామ వైపు సేద్యం చేసి ఉండరు. మేఘం మా మీదుగా ఆగని ఎక్స్‌ప్రెస్ బండిలా పోతుంది. మహబూబాబాద్ దగ్గర ఏదో చుట్టరికం ఉన్నట్టు కాస్త నెమ్మదిస్తుంది. భూపాలపల్లి అడవి కనబడగానే సామానంతా దించేస్తుంది. అక్కడ గోదావరి ఉంది, బొగ్గు ఉంది, టేకు ఉంది, వాన కూడా వాళ్లకే. మాకు ఎర్ర చెల్క నేల, బండరాళ్లు, ఆత్మగౌరవం. అప్పట్లో ఈ మూడు ఊళ్లూ ఒకే జిల్లా గనుక కాగితాల మీద మాత్రం అందరికీ సమానంగానే కురిసేది.

ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్లకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పులు జరుగుతున్న రోజులు. దేవరుప్పుల దగ్గర నాకు కొంత చెల్క ఉంది. పత్తి గింజలు రెండు సంచులు తెచ్చిపెట్టాను. మళ్లీ తేవాలంటే బంద్‌ల మధ్య దుకాణం తెరిచి ఉండాలి, తెరిచినా అందులో గింజలు ఉండాలి. అందుకని ఆ రెండు సంచులే ఆ యేటికి మా తిండి, బట్ట, పరువు.

మృగశిర నాడు చేపల కూర తిని చెయ్యి కడుక్కుంటుంటే భూపాలపల్లి వైపున్న టేకుమట్ల నుంచి మా వియ్యంకుడు ఫోన్ చేశాడు. వాన చప్పుడులో ఆయన గొంతు సగమే వినబడింది.

"బావా, వాగు పొంగింది. వాకిట్ల మోకాల్లోతు నీళ్లు. మీ దిక్కు సుత వస్తది, గింజలు పెట్టుకో."

ఇది మా వైపు పాత జబ్బు. చుట్టాల ఊళ్లో వాన పడితే ఇక్కడ మేం సాళ్లు తోలుకుంటాం. రేడియోలో చెప్పేది నమ్మం, వియ్యంకుడిని నమ్ముతాం. పిల్లనిచ్చిన ఇంటి మాట కాదనడం మర్యాద కాదు కదా. మేఘం పడమటి నుంచి వస్తుందనీ, టేకుమట్లలో కురుస్తున్నదంటే మమ్మల్ని దాటి పోయిందనే అర్థమనీ ఎవరికీ తట్టలేదు. అరుగు మీద కూర్చుని అందరికీ భూగోళం పాఠం చెప్పే నాకు అసలే తట్టలేదు.

మా ఆవిడ ఒక సంచిని మంచం కిందికి తోసి, ఆ మంచం మీద కూర్చుంది.

"నీ వియ్యంకుని వాన మన చేన్ల పడతదా? గీ సంచి ముట్టకు. మన మీద మొగులైనప్పుడు జూద్దాం."

మిగిలిన సంచి పట్టుకుని, తండా నుంచి కూలికి వచ్చిన ఆడవాళ్లతో పొడిదుమ్ము లేస్తున్న చేలోకి నడిచాను. వాళ్లు గింజలు పెడుతూ తమ భాషలో ఏదో అనుకుని నవ్వారు. ఏమిటని వాళ్లలో పెద్దామెను అడిగాను.

"ఏం లేదు పటేలా. ఉత్త దుబ్బల పెడుతున్నం గదా, గింజలకు దగ్గు లేస్తదేమో అనుకుంటున్నం" అంది.

సాయంత్రం కుండపోత. ఊరంతా తడిసి ముద్దయింది. కాదు, నిజం చెప్పాలి, తడిసింది నా కండువా. అందులోనూ ఒక కొస. ఆ మాత్రం తడికే గింజలు ఆశపడి మొలకెత్తి, తర్వాత కాసిన ఎండకు మాడిపోయాయి.

తప్పు వియ్యంకుడిది అనడానికి లేదు, బిడ్డ అక్కడుంది. నాది అనడానికి అసలే లేదు. అందుకని రోడ్డు మీద వంటావార్పులో మైకు అందుకుని, మన నీళ్లే కాదు, మన మేఘాలను కూడా పైనుంచి పైనే ఎత్తుకుపోతున్నారని ఉపన్యసించాను. వేలమంది చప్పట్లు కొట్టారు. వేలంటే, ఒక ముప్పై నలభై మంది. అందులో కొందరు దోమలను కొడుతున్నారు. రాష్ట్రం వస్తే మా చెరువు నిండుతుందని నాకు నిజంగానే ఆశ ఉండేది, అది మాత్రం పెంచి చెప్పడం లేదు. పొయ్యి దగ్గర ఉప్మా కలుపుతున్న మా ఆవిడ గరిటె ఆపింది.

"మొగులును గాళ్లెత్తుకపోయిండ్రు, సరే. సంచెడు గింజలు దుబ్బల పోసిందెవరు?"

ఈసారి అందరూ నవ్వుతూ చప్పట్లే కొట్టారు.

ఆ నవ్వులు ఆగకముందే పడమట నల్లబడింది. తడిమట్టి వాసన మా బండల మీదుగా వచ్చింది. ముందు ఒక ముసలాయన లేచాడు, వెనకే ఉద్యమమంతా లేచింది. రోడ్డు మీద ఉప్మా గిన్నె, బ్యానరు, పోలీసులు మిగిలారు.

"ఏంది పెద్దమనిషీ, రోడ్డు ఇడిసిపెడుతున్నరా?" అని ఒక పోలీసాయన అడిగాడు.

"రోడ్డు యాడికీ పోదు సార్. విత్తే పదును పోతది" అన్నాను.

ఆ రాత్రంతా మా మీదే కురిసింది. మర్నాడు మా ఆవిడ రెండో సంచి చంకన పెట్టుకుని చేలోకి వచ్చింది. నా చేతికివ్వలేదు. మట్టి పిడికెడు తీసి పిసికి చూసి, తండా వాళ్లతో పెట్టించింది. సగం చేనుకే సరిపోయింది. మాడిన సాళ్లున్న మిగతా సగం మళ్లీ దున్నించి కందులు వేయించింది. నాకు ఎడ్లకు నీళ్లు పెట్టే బాధ్యత అప్పగించారు.

ఆ యేడు ఇల్లు గడిచింది. మృగశిరను నమ్మకుండా ఓపిక పట్టిన రైతునని హోటల్లో చాయ్ తాగుతూ చెప్పుకున్నాను. పత్తి ఏరే రోజుల్లో తండా పెద్దామె నడుం నిమురుకుంటూ అడిగింది.

"పటేలా, నువ్వు పెట్టించిన సాళ్లు యాడున్నయి?"

కంది వైపు చెయ్యి చూపాను.

"గవి అమ్మ పెట్టించింది గదా" అంది.

ఇక చూపించడానికి నాకు గట్టు తప్ప ఏమీ మిగల్లేదు. వెళ్లి దాని మీద కూర్చున్నాను.